విచారణ నాకే అప్పగించారు

మార్చి 5, గురువారం

పెద్దాయన పొద్దున్నే గదికి పిలిచి తలుపు వేయమన్నారు. మా సూపరింటెండెంటు గది తలుపు ఎప్పుడూ బార్లా తెరిచే ఉంటుంది. అది మూశారంటే ఎవరికో మూడిందని ఆసుపత్రిలో అందరూ అనుకుంటారు.

"మంగళవారం మధ్యాహ్నం రక్తనిధి కంప్యూటరు నలభై నిమిషాలు బిగుసుకుపోయింది. దానంతటది ఆగిందా, ఎవరైనా వేలుపెట్టారా? నాకది తేలాలి. పదహారో తారీఖు సోమవారానికల్లా రిపోర్టివ్వమ్మా."

"నేనా సార్?"

"కాక నేనా? ఈ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేదానివి నువ్వే కదా. నాకు మెయిలు తెరవాలంటేనే చెమటలు పడతాయి."

నవ్వాను. ఆ నవ్వు ఆయనకు ఎలా కనిపించిందో తెలియదు. వెళ్తూ తలుపు తీసి ఉంచమన్నారు. నా తరువాత ఇంకెవరినైనా పిలిచారా?

పాత డైరీ ఒకటి సగం ఖాళీగా ఉంటే తీశాను. రిపోర్టుకు నోట్సు రాసుకోవడానికి, అంతే. భోజనాల వేళ సర్వర్ గదిలోకి ఎవరూ రారు. ఇక్కడ కూర్చుని రాస్తున్నాను.

ముందుగా అనుమానించాల్సింది సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషిని. వెనకాల మేమంతా అతన్ని నవ్వులాయన అంటాం. యంత్రం పనిచేసినా నవ్వుతాడు, చెడినా నవ్వుతాడు. మంగళవారం పొద్దున వచ్చి వెళ్ళాడు. ఏం పనిమీద? ఆ తరువాత మందుల కౌంటరులో కొత్తగా చేరినతను. కళ్ళెత్తి మాట్లాడడు. వీళ్ళిద్దరూ కాకపోతే బయటివాళ్ళు. ఎక్కడో కూర్చుని ఇలాంటి పనులు చేసేవాళ్ళకు లోకంలో కొదవ లేదు.

మంగళవారం మధ్యాహ్నం నేనెక్కడున్నానో ఇక్కడ రాయాల్సిన పని లేదు. నా డైరీ నన్ను సాక్ష్యం అడగదు.

మార్చి 6, శుక్రవారం

కౌంటరతను మంగళవారం సెలవులో ఉన్నాడట. నమ్మలేక హాజరు పట్టీ తెప్పించి చూశాను. సెలవే. అయితే మాత్రం ఏం, ఇంట్లో కూర్చుని చేయలేడా?

మార్చి 7, శనివారం

టీ తాగుతుంటే ఆపరేషన్ గది నర్సు చెప్పింది. మంగళవారం రెండున్నరకు ఒక రంగులు వేసే మనిషిని తెచ్చారట. మూడో అంతస్తు ఎత్తున గోడకు కట్టిన పరంజా మీది నుంచి పడ్డాడు. ఎడమ కాలు నుజ్జయింది, రక్తం బాగా పోయింది. ఏ గ్రూపు రక్తం సంచి ఎక్కడుందో రక్తనిధి కంప్యూటరులోనే ఉంటుంది. అది కదలకపోయేసరికి వాళ్ళు అరలన్నీ వెతికి, ఒక్కొక్కటీ మళ్ళీ పరీక్ష చేసి, చేతుల మీద మోసుకుంటూ పరుగెత్తారట. రక్తం అందకుండా ఆపరేషన్ మొదలుపెట్టలేకపోయారు. బుధవారం ఆ కాలు మోకాలి పైకి తీసేశారు.

నేను టీ పూర్తిగా తాగాను. కప్పు కడిగి బోర్లించాను.

ఈ సంగతి నాకు ఈ రోజు వరకూ తెలియదు. తేదీ వేసి రాసుకోవడం మంచిది. తెలియదు.

మార్చి 8, ఆదివారం

"ఆదివారం పూటా ఏమిటా రాత?" అన్నారు మా ఆయన.

"రిపోర్టు."

"కంప్యూటర్ల రిపోర్టు చేత్తో రాస్తారా ఎవరైనా?"

ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారు. తప్పులు పట్టడమే బతుకుతెరువైన మనిషితో కాపురం అంత తేలిక కాదు. డైరీని కుట్టుమిషను సొరుగులో పెట్టి, పైన దారపుండ ఒకటి ఫలానా వైపు తిరిగి ఉండేలా ఉంచాను. సాయంత్రం చూస్తే వేరే వైపు తిరిగి ఉంది. ఆయన సొరుగు తెరిచారా? సొరుగు లాగినప్పుడు ఉండే దొర్లిందా?

మార్చి 9, సోమవారం

ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో సర్వరే రాసిపెట్టుకుంటుంది. పెద్దాయన ఆ చిట్టా అచ్చువేసి తెమ్మన్నారు. తెచ్చాను. మంగళవారం రెండు గంటల పది నిమిషాలకు ఒకరు ప్రవేశించినట్టుంది. పేరు, రక్తనిధి గుమాస్తాది. మేమంతా అక్క అని పిలిచే ఆమెది.

"ఈవిడా!" అన్నారు పెద్దాయన. "ఈవిడకు ఇదంతా వచ్చా?"

"ఆమె పేరుతో వచ్చారు సార్. ఆమేనని లేదు."

"ఆమె పాస్‌వర్డు ఇంకొకరికెలా తెలుస్తుంది?"

ఏ కంప్యూటరు నుంచి వచ్చారో చూపే నిలువు వరుస కూడా ఆ చిట్టాలో ఉంటుంది. కాగితం వెడల్పు చాలక ఆ వరుస అచ్చులో రాలేదు.

మార్చి 10, మంగళవారం

అక్కను సస్పెండు చేశారు. నేను చేయమనలేదు.

మార్చి 11, బుధవారం

సాయంత్రం బస్టాపులో అక్క నా కోసం కాచుక్కూర్చుంది.

"వాచ్‌మన్ లోపలికి రానివ్వట్లేదే. పన్నెండేళ్ళు రోజూ నమస్తే పెట్టినవాడు, ఎవరు కావాలి అని అడిగాడు నన్ను!" అని నవ్వబోయి ఆగిపోయింది. "ఒక మాట చెప్తా, ఎవరితోనూ అనకు. తప్పు నాదేనేమో. మరిచిపోతానని పాస్‌వర్డు చీటీ మీద రాసి కీబోర్డు కింద పెట్టుకున్నా. ఎవడో చూసుంటాడు. ఆ కాలుపోయినాయన ఉసురు నాకే తగులుతుంది. తప్పు నాదేనని రాసిచ్చేద్దామనుకుంటున్నా."

"వద్దక్కా. ఏమీ రాసివ్వకు."

"ఎందుకని?"

"వద్దన్నానా, వద్దు."

ఆమె నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తెలిసిపోయిందా? తెలిసే అడగలేదా? చివరికి నా చెయ్యి పట్టుకుని, "విచారణ నీ చేతిలో ఉందన్న ధైర్యంతోనే అన్నం తింటున్నానే," అంది. మనసులో మాటేనా, నన్ను పరీక్షించడానికా? నా బస్సు వచ్చింది. ఎక్కేశాను. అది నా బస్సు కాదని రెండు స్టాపులు దాటాక చూసుకున్నాను.

చీటీ ఉందని నాకసలు తెలియదు. నాకు చీటీ అవసరం పడలేదు. ఆమె కూతురి ముద్దుపేరు, పక్కన పుట్టిన సంవత్సరం. ఆ పిల్ల పుట్టినరోజుకు వెళ్ళి కేకు తిన్నదాన్ని, ఆ మాత్రం ఊహించలేనా. రెండో ప్రయత్నానికే తెరుచుకుంది.

రాసేశాను. ఇక మిగతాదీ రాస్తాను.

ఏడాదిలో పెద్దాయనకు మూడు ఉత్తరాలు రాశాను. ఈ సాఫ్ట్‌వేరులో అందరి పాస్‌వర్డులూ మూతలేని డబ్బాలో పోసినట్టు ఉన్నాయని, ఒకరి పేరుతో లోపలికి వచ్చినవాడు అందరివీ చదవగలడని, రేపు ఎవడైనా రోగుల రక్తం గ్రూపులు మార్చినా మనం పసిగట్టలేమని. మొదటిదానికి "చూద్దాం" అన్నారు. రెండోదాన్ని కంపెనీకి పంపారు. నవ్వులాయన వచ్చి, నవ్వి, వెళ్ళాడు. మూడోదానికి జవాబే లేదు. చెప్తే వినకపోతే చూపించాలనుకున్నాను. ఆ మంగళవారం అక్క భోజనానికి వెళ్ళిన సమయం చూసి, సర్వర్ గది మూలన ఉన్న పాత కంప్యూటరు నుంచి ఆమె పేరుతో లోపలికి వెళ్ళాను. ఆ జాబితా మొత్తం బయటికి లాగి, పెద్దాయన పాస్‌వర్డు మొదటి వరుసలో కనిపించేలా అచ్చువేసి, ఆయన బల్ల మీద పెట్టాలని. ఆయన ముఖం ఎలా మారుతుందో ముందే ఊహించుకుని సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది.

ఆదేశం ఇచ్చాను. సర్వరు ముసలిది, ఆ బరువుకు కూలబడింది. అయిదు నిమిషాల్లో లేస్తుందనుకున్నాను. లేవలేదు. ఆపి మళ్ళీ మొదలుపెడితే నాలుగు నిమిషాల పని. కానీ అలా ఆపితే ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో చిట్టాలో పడుతుంది. దానంతటదే లేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని ఆగాను.

రక్తనిధి నుంచి సర్వర్ గదికి ఫోను వచ్చింది. మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఆరుసార్లు. తీయలేదు.

ఏదీ మార్చలేదు, ఏదీ దొంగిలించలేదు, చూశానంతే. వారం రోజులుగా ఇదే పాఠం వల్లిస్తున్నాను. చూశాను, నిజమే. ఫోను వంక కూడా చూస్తూ కూర్చున్నాను.

మార్చి 12, గురువారం

నేను వెళ్తే టీల దగ్గర మాటలు ఆగిపోతున్నాయి. విచారణ చేస్తున్నానని భయమా, ఇంకేదైనానా? తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. ఎవరైనా "ఏంటి సంగతులు?" అంటే "ఏ సంగతులు?" అంటున్నాను.

మార్చి 13, శుక్రవారం

రిపోర్టు పేరు చెప్పి ఎముకల వార్డుకు వెళ్ళాను.

రంగులాయనకు యాభై దాటి ఉంటాయి. గోళ్ళ చుట్టూ లేత ఆకుపచ్చ రంగు ఇంకా పోలేదు. దుప్పటి ఎడమవైపు సగం నుంచి చదునుగా ఉంది. అటు చూడకూడదనుకుని అటే చూశాను.

"డాక్టరమ్మా మీరు?"

"కాదండీ. కంప్యూటర్లు చూస్తాను."

"అయితే నా కాలు ఏ కంప్యూటర్లో పెట్టారో చూసి చెప్పండి," అని తనే నవ్వాడు. "పోయిన వారమే కొత్త జోళ్ళు తొడిగానమ్మా. ముందే ఒక మాటంటే ఎడమదాన్ని షాపులోనే వదిలేసి వచ్చేవాణ్ణి."

ఆ రోజు ఏం గుర్తుందో చెప్పమన్నాను.

"పెద్దగా ఏం లేదు. 'రక్తం ఇంకా రాలేదా, ఇంకా రాలేదా' అని ఎవరో కేకలేస్తుంటే వింటూ పడుకున్నా. నా కోసమే అని తెలీదు. అయ్యో, పాపం ఎవరికో ప్రాణం మీదికొచ్చిందే అనుకున్నా."

కాగితం మీద ఏదో రాస్తున్నట్టు నటించాను.

వరండాలో సర్జన్ ఎదురయ్యారు. ముందే రక్తం అంది ఉంటే కాలు దక్కేదా అని అడిగాను.

"దక్కేదేమో. ఎముక బాగా నలిగింది, దక్కకపోవును కూడా. అరగంట ముందు మొదలుపెట్టి ఉంటే ప్రయత్నం చేసేవాణ్ణి. ఎందుకడుగుతున్నారు?"

"రిపోర్టు కోసం."

"చెప్పలేం అని రాసుకోండి."

చెప్పలేం. బస్సులో ఇంటిదాకా ఆ మాటను పట్టుకుని కూర్చున్నాను. పట్టుకోవడానికి బాగుంది.

మార్చి 14, శనివారం

నవ్వులాయన నేరుగా సర్వర్ గదికి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మేడం, మీ సర్వరు చిట్టా మా ఆఫీసులో కూడా ఒక కాపీ పడుతుంది. మీరు పెద్దాయనకిచ్చిన కాగితంలో ఒక వరుస తక్కువుంది." ఆగి, "కాగితం వెడల్పు చాలుండదు లెండి," అన్నాడు.

నేను డైరీలో రాసుకున్న మాటే! ఎప్పుడు చదివాడు? ఎలా చదివాడు? తరువాత తట్టింది. ఇలాంటి పనికి ఎవరైనా చెప్పుకునే సాకు అదొక్కటేనని.

"మూల కంప్యూటరు మాట నేనెత్తను. మూతలేని డబ్బా మాట మీరు రిపోర్టులో ఎత్తకండి. ఆ అక్కగారు ఎలాగూ నాలుగు నెలల్లో రిటైరవుతారు, పాస్‌వర్డు జాగ్రత్తగా పెట్టుకోలేదని చిన్న మందలింపుతో పోతుంది. మీ గుట్టు నా జేబులో, నా గుట్టు మీ జేబులో."

"మరి డబ్బాకు మూత ఎప్పుడు పెడతారు?"

"వచ్చే ఏడు కొత్తది వస్తుందిగా, అందులో."

"అంతవరకూ?"

అతను నవ్వాడు. అతను వెళ్ళాక నేను చేసిన మొదటి పని రిపోర్టు మొదలుపెట్టడం. అతను చెప్పినట్టే. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చారని ఇన్నాళ్ళూ అతన్ని గురించే అనుకున్నాను.

మార్చి 15, ఆదివారం

రిపోర్టు నాలుగు పేజీలొచ్చింది. అచ్చుతప్పులుంటే చూడమని ఆయనకు ఇచ్చాను. ఎందుకిచ్చాను? ఆయన ఎర్రకలం తీసుకుని కిటికీ దగ్గర కూర్చున్నారు. నేను వంటగదిలోంచి ఆయన వీపునే చూస్తున్నాను. రెండో పేజీలో కలం ఆగింది.

"ఇటు రా ఒకసారి. 'రక్తనిధి ఖాతా ద్వారా లోపలికి ప్రవేశించడం జరిగింది.' ఎవరు ప్రవేశించారు?"

"అంటే?"

"వాక్యంలో కర్త లేడు. ఇదిగో, 'ఫోనుకు స్పందించకపోవడం జరిగింది.' ఎవరు స్పందించలేదు? 'జాప్యం జరిగింది.' తొమ్మిది చోట్ల జరిగింది, జరిగింది అని రాశావు. తొమ్మిది చోట్లా కర్త మాయం. ఇంత పని దానంతటదే ఎలా జరుగుతుందే?"

ఆయన కళ్ళజోడు పైనుంచి చూశారు. తెలుసా ఈయనకు? సొరుగు తెరిచారా? కాగితాలు తీసుకుని, ఆయన ఎర్రసిరాతో సున్నా చుట్టిన తొమ్మిది చోట్లా "నేను" అని రాసి చూశాను. తొమ్మిది వాక్యాలూ కుదిరాయి.

తరువాత మూతలేని డబ్బా గురించి ఇంకో రెండు పేజీలు రాశాను. శనివారం నవ్వులాయన అన్న మాటలు, అతను అన్నవి అన్నట్టుగా. చిట్టాను అడ్డంగా తిప్పి అచ్చువేస్తే అన్ని వరుసలూ పట్టాయి.

మార్చి 16, సోమవారం

పెద్దాయన చదవడం మొదలుపెట్టి, సగంలో లేచి ఆయనే వెళ్ళి తలుపు వేసి వచ్చారు. పూర్తిగా చదివారు.

"మూడు ఉత్తరాలు రాశాను సార్," అన్నాను. అనకూడదనుకుంటూనే అన్నాను.

"రాశావు. మూడూ నా సొరుగులో ఉన్నాయి. అది నా తప్పు, పైవాళ్ళకు నేను చెప్పుకుంటాను." కాగితాలు సర్దారు. "ఫోను మోగింది కదమ్మా. అది ఎత్తడానికి నా అనుమతి అక్కర్లేదు కదా."

తలుపు నేనే తీసుకుని బయటికి వచ్చాను.

మార్చి 18, బుధవారం

పని పోయింది. నిన్న పోలీసు స్టేషనులో మూడు గంటలు కూర్చోబెట్టి వాంగ్మూలం తీసుకున్నారు. కేసు పెడతారట. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు అడిగాడు, "నీ వెనకాల ఎవరున్నారు?" అని. ఎవరూ లేరంటే నమ్మలేదు. నవ్వులాయన కంపెనీని పిలిపించారు. డబ్బాకు మూత పెట్టేదాకా ఆ సాఫ్ట్‌వేరు ఆపేసి, రక్తనిధిలో రిజిస్టర్లు తెరిచారు.

అక్కను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. ఆమెకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేయలేదు.

"ముందే తెలుసా మీకు?" అని ఆయన్ని అడిగాను.

"కర్త ఎవరని అడిగినప్పుడు నీ ముఖం చూసి తెలిసింది. అంతకుముందు తెలీదు."

"డైరీ చదవలేదా?"

"ఏ డైరీ?" అన్నారు. ఈ మనిషిని ఇన్ని రోజులు ఎందుకు అనుమానించానో నాకే సిగ్గేసింది.

మార్చి 20, శుక్రవారం

ఇప్పుడు నేనూ అందరిలా సందర్శకుల వేళల్లోనే వెళ్ళాలి. వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు తోశాడు. "ఎవరి తాలూకు?" అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేశాను.

రంగులాయన మంచం మీద ఆనుకుని కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఏంటమ్మా, కాలు దొరికిందా?" అన్నాడు.

నిలబడే చెప్పాను. ఆ రోజు రక్తం ఆలస్యమైంది నా వల్లేనని. కంప్యూటరులో లోపం ఉందని నిరూపించడానికి దొంగదారిన వెళ్ళి దాన్ని ఆపేశానని. నాలుగు నిమిషాల్లో బాగుచేయగలిగీ చేయలేదని. రక్తనిధి వాళ్ళు ఆరుసార్లు ఫోను చేస్తే తీయలేదని. ముందు అంది ఉంటే కాలు దక్కేదో లేదో డాక్టరు చెప్పలేనన్నారని కూడా చెప్పాను. ఆ చివరిమాట చెప్పకుండా ఉండాల్సిందేమో.

ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఇది చెప్పమని ఎవరు పంపారు మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు."

"వకీలా? నా చేత ఏ కాగితం మీదన్నా సంతకం పెట్టించుకోవడానికా?"

"కాదండీ."

"మరి దేనికి? పోనీలెమ్మా అనాలా నేను?"

"అక్కర్లేదు."

"అనను కూడా." గోడవైపు తిరిగాడు. వెళ్ళిపొమ్మన్నట్టే అనిపించింది. రెండడుగులు వేశాక పిలిచాడు.

"బయట బెంచీ మీద ఒకడు కూర్చున్నాడు, చూశారా? మా బావమరిది. ఆ రోజు వ్యానులో నన్ను వేసుకొచ్చింది వాడే. రైలు గేటు పడిందని ఇంకో దారిన తిప్పాడు. ఆ తిప్పడం వల్లే ఆలస్యమై కాలు పోయిందని మా ఆవిడ వాడి ముఖం చూడట్లేదు. తోడబుట్టినవాడమ్మా. పదిహేడు రోజుల్నుంచీ ఆ బెంచీ మీదే. లోపలికి అడుగు పెట్టనివ్వదు."

తలుపు వైపు చూశాను.

"నేను చెప్తే నమ్మదు. వాణ్ణి వెనకేసుకొస్తున్నా అంటుంది. రేపు పదకొండింటికి వస్తుంది. మీరొచ్చి ఇప్పుడు నాతో చెప్పినట్టే చెప్పండి. ఒక్క ముక్క తగ్గించకూడదు. ఫోను సంగతితో సహా."

"చెప్తానండీ."

"కొట్టినా కొడుతుంది. నేను లేచి అడ్డుపడలేను మరి."

బయటికి వస్తుంటే బెంచీ మీద మనిషి గబుక్కున లేచి నిలబడ్డాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"లోపల ఎలా ఉన్నాడండీ మా బావ?" అని అడిగాడు.

రేపు పదకొండింటికి. పది నిమిషాలు ముందే వెళ్తాను.